పాత అమెరికా కారు: మోజెంత? విలువెంత?

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్నారు మన పెద్దలు. ఇప్పుడు ఆ సామెత తిరగబడింది. అమ్మమ్మల నాటి ఇత్తడి గంగాళాలు వంటింటి అటక దిగి హాల్లో కొచ్చి కూర్చున్నాయి. తిరగళ్లు, రోళ్లు వాకిట్లో పూలకుండీల పక్కన అలంకారాలయ్యాయి. పారేద్దామనుకున్న పందిరి మంచానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. వీటి వరుసలోనే పాత కార్లూ చేరాయి. అందులోనూ అమెరికా కార్లంటే మన మగవాళ్లకు మరీ మోజు. షెవర్లే, ఇంపాలా, డాడ్జ్, ప్లిమత్ అంటూ ఆ పేర్లు పలికేటప్పుడు వాళ్ల మొహాలు చూడండి, పండక్కి కొత్త బట్టలు చూసిన పిల్లల్లా ఉంటాయి.

"కార్ల సంగతి మనకెందుకమ్మా" అని పేజీ తిప్పేయకండి. ఈ వ్యవహారం రెండు దారుల్లో మన ఇంటికి వస్తుంది. మొదటిది కొనే దారి. మీ ఆయనో, మరిదో, కొడుకో ఒకరోజు హడావిడిగా వచ్చి "ఒక ఇంపాలా అమ్మకానికి ఉంది, చేజారితే మళ్లీ దొరకదు" అంటారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? అమ్మాయి పెళ్లికని వేసిన డిపాజిట్ నుంచో, జాగ అమ్మిన సొమ్ము నుంచో రావాలి. రెండోది అమ్మే దారి. మామగారి కాలం నాటి కారు కొట్టంలో దుమ్ము కొట్టుకుని ఉంటుంది. మగవాళ్లు ఇంట్లో లేని మధ్యాహ్నం వేళ చూసి పాత ఇనుము కొనేవాడు గేటు తట్టి, "అమ్మా, ఆ తుప్పు బండి తీసేస్తారా, కిలోల లెక్కన ఇస్తా" అంటాడు. రెండు చోట్లా దాని విలువ తెలియకపోతే నష్టపోయేది ఇల్లే.

మా బడంగ్‌పేట, బాలాపూర్, నాదర్‌గుల్ వైపు ఈ రెండూ చూస్తున్నాం. 2008లో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చాక ఈ చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాయి. ఫామ్‌హౌసులు లేచాయి. ఫామ్‌హౌసు ఉన్నవాళ్లకు దాని ముందు నిలబెట్టడానికి ఒక పాత కారు కావాలనిపిస్తోంది. పాత పెంకుటిళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతుంటే ఆ ఇళ్ల కొట్టాల్లోంచి అప్పుడప్పుడు పాత బండ్లు బయటపడుతున్నాయి.

లడ్డూ ధర, జాగ ధర

ధర సంగతి అర్థం కావాలంటే మా పక్కనే ఉన్న బాలాపూర్ వినాయకుడి లడ్డూను చూడండి. 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలు పలికింది. ఇన్నేళ్లలో లడ్డూలో వేసే శనగపిండి, నెయ్యి, చక్కెర మారలేదు. పెరిగింది జనం నమ్మకం, పాడుకున్నవాడికి ఊళ్లో దక్కే గౌరవం. ఆ లడ్డూ పాడుకున్నాయన దాన్ని మళ్లీ అమ్ముకుందామని పాడడు. ఇష్టంగా ఇచ్చాడు, ఇంటిల్లిపాదీ కళ్లకద్దుకున్నారు, బంధువులకు పంచారు, పొలంలో చల్లారు. అక్కడితో లెక్క సరి. అందులో మోసం లేదు.

పాత కారుతో చిక్కు ఎక్కడ వస్తుందంటే, లడ్డూకు పెట్టినట్టు డబ్బు పెట్టి, జాగ కొన్నట్టు ఇంట్లో చెప్పడంలో. "ఇది పెట్టుబడి, పదేళ్లకు పది రెట్లవుతుంది" అంటారు. అయ్యే కార్లు ఉన్నాయి, కానివి చాలా ఉన్నాయి. అందుకే ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు "మోజు" అని, కుడివైపు "విలువ" అని రాయండి. కారు రంగు బాగుంది, చిన్నప్పుడు సినిమాలో చూశాను, ఊళ్లో అందరూ చూస్తారు, ఇవన్నీ ఎడమవైపు. బాడీ గట్టిదా, ఇంజను అసలుదా, కాగితాలు ఉన్నాయా, ఇవన్నీ కుడివైపు. మోజు తప్పు కాదు, దానికీ కొంత ఖర్చు పెట్టవచ్చు. కానీ ఎడమవైపు లెక్కను కుడివైపు డబ్బుతో కట్టకూడదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా కుడివైపు గడి ఎలా నింపాలో చెప్పడమే.

ఇవి మన దాకా ఎలా వచ్చాయి?

అమెరికా కార్లు మన దేశానికి కొత్తగా వచ్చినవి కావు. అసలు మొదట్లో మన రోడ్ల మీద పెత్తనం వాటిదే. ఫోర్డ్ కంపెనీ 1926లోనే మన దేశంలో అడుగుపెట్టింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లు కూర్చడం మొదలుపెట్టింది. విడిభాగాలు ఓడల్లో పెట్టెల్లో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. తర్వాత 1944లో మొదలైన మన ప్రీమియర్ ఆటోమొబైల్స్ అమెరికాలోని క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం చేసుకుని డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లు తయారుచేసింది. అంబాసిడర్ తీసిన హిందుస్థాన్ మోటార్స్ అంతకుముందు స్టూడిబేకర్లు కూర్చింది. ఊరికే బిగించి అమ్మడం కాదు, ఇక్కడే తయారుచేయాలని 1950ల మొదట్లో ప్రభుత్వం పట్టుబట్టడంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ దుకాణం కట్టేశాయి.

ఆ తర్వాత వచ్చిన పొడవాటి ఇంపాలాలు ఎక్కువగా రాయబార కార్యాలయాల వాళ్లు తెచ్చుకుని, వెళ్లేటప్పుడు ఇక్కడ అమ్మినవి. అలాంటి బండ్లను ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది. సినిమావాళ్లు, జమీందార్లు, పెద్ద కాంట్రాక్టర్లు కొనుక్కునేవారు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, మీ ముందున్న కారు ఏ దారిలో వచ్చిందో తెలిస్తే దాని కాగితాలు ఎలా ఉండాలో తెలుస్తుంది. ఇక్కడ కూర్చిన కారుకు ఇక్కడి రిజిస్ట్రేషనే మొదటిది. బయటి నుంచి వచ్చిన దానికి కస్టమ్స్ కాగితం కూడా ఉండాలి.

ముందు పేరు కనుక్కోండి

అమ్మేవాళ్లు "ఫారిన్ కారండీ" అని ఊరుకుంటారు. మనం అంతటితో ఊరుకోకూడదు. ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ ఏడాది అన్నది తెలియకుండా ధర మాట్లాడటమంటే, రాయి పేరు తెలియకుండా ఉంగరం కొనడమే. ఆ కాలం కార్లకు గుర్తులు మన నగలకున్నంత స్పష్టంగా ఉంటాయి. బానెట్ చివర చిన్న తెరచాప ఓడ బొమ్మ ఉంటే ప్లిమత్. పొట్టేలు ఉంటే డాడ్జ్. ఈకల తలపాగా పెట్టుకున్న అమెరికా ఆదివాసి నాయకుడి తల ఉంటే 1950ల మధ్య వరకు వచ్చిన పాంటియాక్. ముందు చక్రాల పైన రేకుకు వరుసగా గుండ్రటి కన్నాలుంటే 1949 తర్వాతి బ్యూక్ కావచ్చు. విమానం ముక్కులా మొహం మధ్యలో గుండ్రంగా పొడుచుకొస్తే 1950, 51 నాటి స్టూడిబేకర్. అడ్డంగా ఉన్న చిన్న బో ముడిలాంటి గుర్తు షెవర్లేది. చేప తోకల్లా వెనక రెక్కలు లేచి ఉంటే 1950ల చివరి ఫ్యాషన్.

జీపుల విషయంలో ఇంకా జాగ్రత్త. "రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ జీప్" అని చెప్పి అమ్మేవాటిలో తర్వాత మహీంద్రా మన దేశంలోనే చేసినవి, అక్కడి భాగం ఇక్కడ అతికించి కూర్చినవి ఎన్నో ఉంటాయి. ఒక చిన్న పరీక్ష. 1941 నుంచి 1945 దాకా యుద్ధం కోసం చేసిన విల్లీస్, ఫోర్డ్ జీపులకు ముందు జాలీలో నిలువు చీలికలు సాధారణంగా తొమ్మిది ఉంటాయి. యుద్ధం తర్వాత మామూలు జనానికి చేసిన వాటికి ఏడు. ఇది చూడటానికి మెకానిక్కు అక్కర్లేదు, లెక్కపెట్టడం వస్తే చాలు. జాలీ కూడా మార్చి ఉండవచ్చు కనుక ఇదొక్కటే చూసి నమ్మకండి, ఇది మొదటి జల్లెడ మాత్రమే.

ఇల్లాలి కన్ను చాలు

పాత ఇత్తడి బిందె కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? తిప్పి అడుగు చూస్తాం. మాటు వేశారేమో తడిమి చూస్తాం. వేలితో కొట్టి చప్పుడు వింటాం. కారుకూ అంతే.

ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి పర్సులో వేసుకెళ్లండి. దానికి పల్చటి గుడ్డ చుట్టి, గీతలు పడకుండా కారు రేకు మీద అక్కడక్కడ పెట్టి చూడండి. ఇనుప రేకైతే పట్టుకుంటుంది. తుప్పు తిన్నచోట పుట్టీ మెత్తి రంగు కొట్టి ఉంటే జారిపోతుంది. ముఖ్యంగా తలుపుల కింద అంచు, చక్రాల చుట్టూ ఉన్న వంపు, డిక్కీ కింది భాగం చూడాలి. మా బంధువులమ్మాయి ఒకామె ఇలాగే వాళ్లాయన వెంట వెళ్లింది. బానెట్ మీద పెట్టిన అయస్కాంతం టక్కున అంటుకుంది. తలుపు కింద పెట్టింది చేతిలోకి జారిపడింది. అవతలి తలుపు కింద పెట్టినా అంతే. అమ్మే ఆయన మాట్లాడటం మానేశాడు, వాళ్లాయన బేరం ఆడటం మానేశాడు. ఇద్దరూ టీ తాగి ఇంటికొచ్చేశారు.

తర్వాత కాళ్ల కింది పట్టా ఎత్తి చూడండి. నేల రేకు తుప్పు పట్టి ఉంటే వాన నీళ్లు లోపలికి వస్తున్నాయన్నమాట. కారు కింద ఉండే ఇనుప చట్రం, అదే ఛాసిస్, తుప్పు తిని పొరలు లేస్తోందేమో టార్చి వేసి చూడమనండి. రంగు పోతే మళ్లీ వేయవచ్చు. చట్రం పోతే కారు పోయినట్టే.

వెండిలా మెరిసే బంపర్లు, పట్టీలు, లైట్ల చుట్టూ ఉండే రింగులు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. మన దగ్గర క్రోమ్ పూత కొత్తగా వేయించుకోవచ్చు కానీ, పోయిన పట్టీ కొత్తగా దొరకదు. ముందు అద్దం వంపు తిరిగినదైతే దాని అంచుల్లో బీట ఉందేమో చూడండి. అలాంటి అద్దం పగిలితే మళ్లీ తెప్పించడం పెద్ద పని.

ఇంజను సంగతి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే అనుమానించండి. చల్లారిన ఇంజను మొదటి దెబ్బకు ఎలా స్టార్టవుతుందో చూడటమే అసలు పరీక్ష. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలిపోతోంది. వేడెక్కాక కూడా తెల్లటి ఆవిరి ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఆయిల్ చూసే కడ్డీ లాగితే దాని మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. ఇన్ని తెలిశాక మంచి మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్కు వద్దు. పెళ్లికొడుకు గురించి పెళ్లికొడుకు మేనమామను అడిగి ఊరుకుంటామా?

అసలు జరీనా, మార్చిన జరీనా?

పాత పట్టుచీర కొనేవాడు జరీ చూసి ధర కడతాడు. జరీ తీసేసి నకిలీ అంచు కుట్టిన చీర ఎంత బాగున్నా, దాని ధర వేరు. పాత అమెరికా కారులో జరీ లాంటిది దాని అసలు ఇంజను.

1973లో ప్రపంచమంతా ఆయిలు సంక్షోభం వచ్చి పెట్రోలు ధరలు మండిపోయాయి. ఆ రోజుల్లోనే మన దేశంలో చాలామంది ఈ పెద్ద కార్ల పెట్రోలు ఇంజన్లు పీకేసి డీజిల్ ఇంజన్లు పెట్టించారు. అప్పుడు అది తెలివైన పనే, బండి నడవాలి కదా! కానీ ఈరోజు లెక్కలో ఆ కారు విలువ బాగా తగ్గుతుంది. బయటికి ఎంత మెరిసినా, బానెట్ ఎత్తితే ట్రాక్టరు చప్పుడు వినిపించేదాన్ని అసలు ఇంపాలా ధరకు కొనకండి.

కొందరు "ఇది అరుదైనది" అని ధర పెంచుతారు. అరుదైనంత మాత్రాన ఖరీదు కావాలని లేదు. నాలుగు తలుపుల మామూలు కారుకన్నా, పై కప్పు మడిచే కారుకు, రెండు తలుపుల కారుకు గిరాకీ ఎక్కువ. కావలసినవాళ్లు ఎక్కువ, ఉన్నవి తక్కువ అయినప్పుడే ధర. కావలసినవాళ్లే లేకపోతే ఒక్కటే ఉన్నా ప్రయోజనం లేదు. అమెరికాలో ఏదో వేలంలో ఇంత పలికిందని ఫోనులో చూపిస్తే ఆ ధర ఇక్కడికి తెచ్చి అంటించకండి. అక్కడివి ఎడమవైపు స్టీరింగువి, అక్కడ విడిభాగాలు ఇంటికొస్తాయి, అక్కడ కొనేవాళ్లు వేరు.

బండి కన్నా కాగితం గట్టిది

మా ఆడబిడ్డ తోటికోడలు ఒకామె శంషాబాద్ అవతల పల్లెలో ఉంటుంది. భర్త పోయి మూడేళ్లయింది. కొట్టంలో మామగారి ప్లిమత్ ఉంది. ఆయన పెట్రోలు ధర పెరిగాక నడపడం మానేసి చెక్కల మీద ఎత్తి పెట్టారట. పాత ఇనుము కొనేవాడు వచ్చి కిలోల లెక్కన ధర చెప్పాడు. కొడుక్కి ఫీజు కట్టాల్సిన రోజులు. ఆవిడకు ఆ డబ్బూ ఎక్కువే అనిపించింది. అయినా "రేపు రా" అంది. ఆ ఒక్క మాటే ఆవిడను కాపాడింది.

ఆ రాత్రి మామగారి ఇనప్పెట్టె తీస్తే పాత ఆర్.సి. పుస్తకం, పన్ను రసీదులు దొరికాయి. కొడుకు టార్చి పట్టుకుంటే ఆవిడే ఇంజను మీది నంబరు, తలుపు దగ్గరి ఛాసిస్ నంబరు పలక మీద సుద్దతో రాసుకుంది. పుస్తకంలోవాటితో అక్షరం పొల్లు పోకుండా సరిపోయాయి. అంటే ఇంజను మార్చలేదు. మామగారు డీజిలు ఇంజను పెట్టించకుండా బండినే ఆపేయడం ఇన్నేళ్లకు కోడలికి కలిసొచ్చింది.

తర్వాత ఒకరు వచ్చి ఇనుము ధర మీద కొంచెం ఎక్కువిస్తామన్నారు. ఆవిడ ఒకటే చెప్పింది, "కాగితాలు నా పేరు మీదికి వచ్చాకే అమ్ముతా." ఆఫీసు చుట్టూ చాలాసార్లే తిరిగింది. మామగారి నుంచి భర్తకు, భర్త నుంచి తనకు వారసత్వం రుజువు చేయాల్సి వచ్చింది. చివరికి ముగ్గురు కొనేవాళ్లు పోటీపడ్డారు. ఎంతకు అమ్మిందో రాయొద్దంది కానీ, మొదటివాడు చెప్పినదానికి చాలా రెట్లు. కొడుకు ఆ ఓడ బొమ్మ తీసి జ్ఞాపకంగా దాచుకుందామన్నాడు. "గిన్నె అమ్మి మూత దాచుకుంటే ఏం లాభం రా" అని ఆవిడ అదీ కారుతోనే పంపేసింది. ఆ బొమ్మ లేకపోతే కొనేవాడు ధర తగ్గించేవాడు మరి!

మీకూ ఇలాంటి పరిస్థితి ఉంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి. బండి యజమాని చనిపోతే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 ఉంటుంది. మామూలు అమ్మకానికి ఫారం 29, ఫారం 30. పేరు మార్చకుండా బండి ఇచ్చేస్తే, రేపు అది ఎక్కడ ఏ గొడవలో దొరికినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. చాలా ఏళ్లుగా నిలిపి ఉన్న కారును "స్టార్ట్ చేసి చూపిస్తా" అని ఎవరైనా బ్యాటరీ తగిలించబోతే ఆపండి. ఎండిపోయిన ఇంజను తిప్పితే లోపల గీసుకుపోతుంది. ముందు మెకానిక్కు చూడాలి.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్ల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్నదాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ నమోదుకు 5,000. కొత్తగా నమోదయ్యే వాటి నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వి.ఏ.' అని వస్తుంది. ఇదివరకే రిజిస్టరైన కారు తన పాత నంబరు ఉంచుకోవచ్చు. ఇక్కడే అసలు ఇంజను విలువ మళ్లీ తెలుస్తుంది చూశారా? డీజిలు పెట్టినదానికి ఈ దారి లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. "పెళ్లిళ్లకు, షూటింగులకు అద్దెకిస్తే ఏడాదిలో డబ్బు తిరిగొస్తుంది" అని కొందరు ఆశపెడతారు. వింటేజ్‌గా నమోదైన బండిని రోజూ తిప్పడానికి గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. కాబట్టి అద్దె లెక్క చూపించి కొనమంటే ఒప్పుకోకండి.

వింటేజ్‌గా కాకుండా మామూలుగానే ఉంచుకుంటే, 15 ఏళ్లు దాటిన కారు కాబట్టి అయిదేళ్లకోసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అంతకుముందు 600 ఉన్న ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. దిగుమతి చేసుకున్న కార్లకు ఇది మరీ ఎక్కువ.

కొన్నాక ఏమవుతుంది?

ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టం. 1965 నాటి ఇంపాలా పొడవు సుమారు 5.4 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు. మనందరికీ తెలిసిన మారుతి 800 పొడవు 3.3 మీటర్లే. మన కాలనీ గల్లీల్లో ఇంపాలా మలుపు తిరగడమే ఒక యజ్ఞం. ఇంట్లో పెట్టాలంటే తులసికోట జరపాలో, గేటు పగలగొట్టాలో ముందే కొలతబద్ద పెట్టి చూసుకోండి. ఎండకు, వానకు వదిలేస్తే కొన్న విలువ కళ్లముందే కరిగిపోతుంది కనుక కప్పున్న జాగ తప్పనిసరి.

ఇంజన్లు పెద్దవి కాబట్టి లీటరుకు ఐదారు కిలోమీటర్లు వస్తే గొప్ప. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకోవు, మార్పించాలి. 1955కు ముందు కార్లలో చాలావాటికి బ్యాటరీ 6 వోల్టులది, ఇప్పటివి 12 వోల్టులవి. ప్యాకార్డ్ కంపెనీ 1958లో, డిసోటో 1960లో, స్టూడిబేకర్ 1966లో కార్లు ఆపేశాయి. ప్లిమత్ పేరు 2001తో ముగిసింది. కంపెనీయే లేని కారుకు విడిభాగం కావాలంటే విదేశం నుంచి తెప్పించుకోవాలి, లేదా చేయించుకోవాలి. కొన్న ధర పక్కనే, బాగు చేయించే ధర, ఏటా మేపే ధర, మూడూ రాసి కూడండి. నగ కొనేటప్పుడు తరుగు, మజూరీ కలపకుండా లెక్క వేస్తామా?

మరి అంత మోజెందుకు?

మోజు ఉత్తదని నేననను. ఆ కార్లు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ముందు సీటు సోఫాలా ఒకటే, ముగ్గురు కూర్చోవచ్చు. గేరు స్టీరింగు పక్కనే, మన పాత అంబాసిడర్‌లో లాగా. తలుపు వేస్తే బీరువా తలుపు వేసినంత బరువైన చప్పుడు. లేత ఆకుపచ్చ, పాలమీగడ రంగు, గులాబీ, ఇలా రెండు రంగులు కలిపి వేసిన సొగసు ఇప్పటి కార్లలో లేదు. ఇంట్లో అందరూ కలిసి ఒక్క కారులో పట్టే రోజులను అవి గుర్తు చేస్తాయి.

చూసే ముచ్చట తీరాలంటే కొననక్కర్లేదు. చార్మినార్‌కు దగ్గర్లో పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది, 2000లో తెరిచారు. అక్కడి పాత కార్లలో ప్యాకార్డ్ ఒకటి, అది అమెరికా కారు. పక్కన రోల్స్ రాయిస్, జాగ్వార్ ఉంటాయి, అవి ఇంగ్లండువి. మూడింటినీ చూస్తే దేశాన్ని బట్టి కారు తీరు ఎలా మారుతుందో తెలుస్తుంది. మీకోసం ఇంకో ఆకర్షణ కూడా ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం కట్టించిన రెండంతస్తుల చెక్క అల్మారా అక్కడే ఉంది. మగవాళ్లు కార్ల దగ్గర నిలబడితే మనం అల్మారా చూడవచ్చు!

బేరానికి వెళ్లేముందు

* కంపెనీ, మోడల్, ఏడాది, మూడూ తెలుసుకున్నాకే ధర వినండి.
* ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్.సి. పుస్తకంతో మీ కళ్లతో సరిచూడండి.
* అయస్కాంతం, టార్చి, కొలతబద్ద, మీ మెకానిక్కు, నాలుగూ వెంట ఉండాలి.
* పోయిన వస్తువుల జాబితా రాసుకోండి. బేరంలో అదే మీ ఆయుధం.
* "ఇంకొకరు అడ్వాన్సు ఇస్తామంటున్నారు" అంటే "ఇవ్వనివ్వండి" అనండి.
* అమ్మేది మీరైతే మొదట వచ్చినవాడికి అమ్మకండి. కనీసం ముగ్గురికి చూపించండి.
* పిల్లల చదువు, పెళ్లి, వైద్యం కోసం దాచిన సొమ్ము జోలికి వెళ్లకండి. అవి తీరాక మిగిలిన దాంట్లో ఎంత పోయినా నిద్ర పడుతుందో, అంతే ఎడమవైపు గడి ఖర్చు.

ప్యాకార్డ్ కంపెనీవాళ్లు వెనకటికి ఒక ప్రకటన వేసేవారట, తమ కారు ఎలాంటిదో తెలియాలంటే అది ఉన్నాయన్ని అడగండి అని. ఆ సలహా బాగానే ఉంది గానీ, నేనైతే ఇంకో అడుగు లోపలికి వెళ్లి ఆయన భార్యను అడగమంటాను. ఏడాదికి ఎంత ఖర్చవుతోందో, ఎన్ని ఆదివారాలు రిపేరుకు పోతున్నాయో, అయినా ఆ కారు బయటికి తీసినప్పుడు ఆవిడకు సంతోషంగా ఉందో లేదో దాచకుండా చెప్పేది ఆవిడే. ఆవిడ నవ్వుతూ చెబితే ధైర్యంగా ముందుకు వెళ్లండి.